బరువెత్తించి కొలవాలి

మిషన్ల రిపేరు గది,
బట్టల ఫ్యాక్టరీ రెండో అంతస్తు.

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని కంగారుపడకు. ఫోనులో నీ గొంతు నాకు డబ్బాలో పడ్డ తుమ్మెదలా వినిపిస్తోంది. కాయితమైతే గొణగదు.

మూడు నెలల కిందట డాక్టరు నా కుడి చెవికి ఒక మిషను తగిలించాడు. నలభై ఒక్క ఏళ్ళు నేను కుట్టుమిషన్లకి చెవి ఒగ్గాను, ఇప్పుడు ఒక మిషను నాకు చెవి ఇస్తానంటే న్యాయంగానే ఉందనుకున్నా. తీరా చూస్తే దాని బ్యాటరీతోనే తంటా. చొక్కా గుండీలో సగం ఉంటుంది. పేకెట్టుకి ఆరు. ఒక్కోటీ వారం రావాలని డాక్టరు మాట. నాకు ఆరూ కలిపి పదహారు రోజులు. ఏ పేకెట్టు తెచ్చినా ఇదే వరస.

కొట్టువాణ్ణి నిలదీశా. "లోపం బ్యాటరీది కాదు పెద్దమ్మా, వయసుది" అన్నాడు. "నీ నోటికి కూడా ఒక స్విచ్చి పెట్టాల్సింది నాయనా" అని వచ్చేశా.

నువ్వు జీవితమంతా మెట్ల కింద కొట్టు పెట్టుకుని బ్యాటరీల మధ్యే బతికావు. ఇవి నకిలీవా, నిలవవా, నా తలరాతా? తిన్నగా చెప్పు. నీ అలవాటు ప్రకారం సృష్టి మొదలు నుంచి ఎత్తుకోకు.

అక్క


మెట్ల కింద కొట్టు,
టార్చిలైట్లకీ గోడగడియారాలకీ నడుమ.

అక్కా,

సృష్టి మొదలు నుంచి వద్దన్నావు కాబట్టి నలభై ఒకటో పేజీ నుంచి ఎత్తుకుంటాను. నీకు గుర్తుందో లేదో, నేను చదివిన ఒకే ఒక్క కరెంటు పుస్తకం పొట్లాలు కట్టే కొట్లో దొరికింది. అప్పటికే మొదటి నలభై పేజీలు పొట్లాలై ఊరంతా తిరుగుతున్నాయి. అందుకని కరెంటు ఎందుకు పుడుతుందో నాకు ఈనాటికీ తెలీదు, పుట్టాక ఏం చేస్తుందో మాత్రం తెలుసు. మనుషుల విషయంలోనూ నా చదువు అంతే.

మేడమీద నీళ్ళ టాంకీ ఉందనుకో. అది ఎంత ఎత్తున ఉంటే కింద పంపులో అంత ఒత్తిడి. ఆ ఒత్తిడి వోల్టు. పంపులోంచి క్షణానికి ఎన్ని నీళ్ళు వస్తున్నాయన్నది ఆంపియరు. ఈ రెంటినీ హెచ్చవేస్తే వచ్చే పనితనం వాటు. టాంకీలో మొత్తం ఎన్ని నీళ్ళున్నాయన్నది ఇంకో సంగతి. బుడ్డి బ్యాటరీకీ లావు బ్యాటరీకీ ఎత్తు ఒకటే అవ్వచ్చు, టాంకీ మాత్రం వేరు. నీ గుండీ బ్యాటరీ టాంకీ కాదు, చెంబు.

ఇక నా వృత్తి రహస్యం. ముక్కాలు భాగం చచ్చిన బ్యాటరీని మీటరుకి పెడితే అది దర్జాగా దాదాపు పూర్తి వోల్టే చూపిస్తుంది. గోడకి ఆనుకుని నిలబడితే అందరూ పహిల్వాన్లే కదా! నెత్తిన బస్తా పెడితే ఎవరెంతో తేలుతుంది. అందుకే నేను చిన్న బల్బు తగిలించి, అది వెలుగుతుండగా కొలుస్తాను. ముల్లు ధభీమని పడిందా, ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. బ్యాటరీని ఎప్పుడూ బరువెత్తించి కొలవాలి.

మొన్న ఒక గుమస్తా నాలుగు బ్యాటరీల టార్చి పట్టుకొచ్చాడు. మూడు కొత్తవి, ఒకటి పాతది. "ఒక్కటేగా పాతది, మిగతా మూడూ లాగవా?" అంటాడు. ముసలెద్దునీ కోడెల్నీ ఒకే కాడికి కట్టినట్టు, ఆ ఒక్కటీ మిగతా మూడింటినీ ఈడ్చి కూలేస్తుంది, పైగా రసం కక్కి టార్చినంతా పాడు చేస్తుంది అని చెప్పా. మూడు కొత్తవీ నాకిచ్చి పాతది జేబులో పెట్టుకుపోయాడు. మంచి మనసు.

నీ సంగతికి వస్తా. నాకు రెండు జవాబులు కావాలి. బ్యాటరీలు ఏప్రాను జేబులో సూదులతో, మరలతో కలిపి వేస్తున్నావా? ఇనుపముక్క రెండు వైపులా తగిలితే కరెంటు నీ చెవిదాకా రాకుండా జేబులోనే ప్రదక్షిణాలు చేసి చస్తుంది. రెండోది, ఆరు బ్యాటరీలూ ఏది ఎన్నాళ్ళు వచ్చిందో వరసగా రాయి. కలిపి చెప్పకు, విడివిడిగా.

ఇంతకీ గుండీ బ్యాటరీ కోసం నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాసే మనిషివి కావు. అసలు సంగతేంటి?

తమ్ముడు


రిపేరు గది నుంచే.

ఒరేయ్ పొట్లాల పండితుడా,

నీ టాంకీ నాకెక్కలేదు. మా గేటైతే ఎక్కింది. సాయంత్రం బెల్లు కొట్టగానే మూడొందల మంది ఆడవాళ్ళం ఇంటికి పోవాలని తోసుకుంటామే, ఆ తోపుడు వోల్టు. నిమిషానికి ఎంతమంది బయటపడ్డారన్నది ఆంపియరు. గేటు దగ్గర సంచులు వెతికే వాచ్‌మన్ ఉన్నాడే, వాడు అడ్డం. గేటు ఇరుకై, జనం ఎక్కువైతే ఏమవుతుంది? ఒళ్ళు ఒరుసుకుని వేడెక్కుతుంది, మాటలు కూడా వేడెక్కుతాయి. ఒప్పా, తప్పా?

బ్యాటరీలు జేబులో వెయ్యను, సూదుల డబ్బా మూతలో పెడతాను. నా బల్ల మీదే ఉంటాయి. బల్ల వెనక ఇస్త్రీ గది, వేడి బాగా కొడుతుంది. వరస అడిగావుగా, రాసుకో: మొదటిది ఏడు రోజులు, రెండోది ఐదు, మూడోది మూడు, నాలుగోది ఒకటి. ఐదోదీ ఆరోదీ అసలు లేవనే లేదు.

అసలు సంగతి కూడా అడిగావు. చెప్పకూడదనుకున్నా. మాకో కొత్త మేనేజరు వచ్చాడు. మెడలో గడియారం వేలాడేసుకుని మేం చెయ్యి కడుక్కోవడం కూడా కొలుస్తాడు. అందరం స్టాప్‌వాచ్ అంటాం. పాతికేళ్ళుగా నేను హాలు గుమ్మంలో నిలబడి "నాలుగో వరస ఏడోది, హుక్కు అరిగింది" అంటే మెకానిక్కులు మారుమాట్లాడకుండా విప్పేవాళ్ళు. పోయిన నెల నేనలా చెబుతుండగా చెవిలో బ్యాటరీ చచ్చింది. చచ్చిన సంగతి ఒప్పుకోలేక, ఊహ మీద ఒక నెంబరు చెప్పేశా. తప్పు. విప్పిన మిషను బంగారంలా ఉంది. స్టాప్‌వాచ్ అక్కడే ఉన్నాడు.

మర్నాడు నోటీసు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున పరీక్ష. పది మిషన్లు, మూడింట్లో వాళ్ళు లోపం పెడతారు. గజం దూరంలో నిలబడి చెవితో కనిపెట్టాలి. లేదంటే రిపేరు బల్ల ఖాళీ చేసి ఇంటికి.

ఆ బల్ల నాదిరా. ఆడదానికి స్క్రూడ్రైవరెందుకని పళ్ళికిలించిన వాళ్ళ చేతుల్లోంచి లాక్కున్న బల్ల. ఖాళీ చెయ్యను. బ్యాటరీ సంగతి తేల్చు.

అన్నట్టు నీ ఉత్తరం మూడో పేజీలో రెండు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎత్తులూ ఒత్తిళ్ళూ అంటూ నువ్వేమైనా పుచ్చుకుని రాశావా?

అక్క


మెట్ల కింద కొట్టు.

అక్కా,

గేటు బాగుంది. నా టాంకీ దించేశాను. ఇకమీదట వచ్చినవాళ్ళందరికీ గేటే చెబుతాను, నీ పేరు మాత్రం చెప్పను.

ఏడు, ఐదు, మూడు, ఒకటి, సున్నా, సున్నా. ఇవి మెట్లు! నకిలీ బ్యాటరీలైతే అల్లరిచిల్లరగా చస్తాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. ఇలా వరసలో నిలబడి, వెనకున్నది ముందున్నదానికంటే నీరసపడుతూ చావవు. అంటే వంతు కోసం కాచుకుని ఉండగానే వాటిని ఏదో తింటోంది.

గాలి తింటోంది. ఈ గుండీ బ్యాటరీ జాతే వేరు. లోపల సగం సరుకే ఉంటుంది, మిగతా సగం గాలిలోంచి పీల్చుకుంటుంది. దాని వీపున సూదిమొనంత కన్నాలుంటాయి, వాటి మీద రంగు స్టిక్కరు ఉంటుంది. స్టిక్కరు ఉన్నంతకాలం ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వొలిచావా, ఊపిరి తీసుకుంటుంది. ఒకసారి ఊపిరి మొదలయ్యాక చెవిలో ఉన్నా, డబ్బాలో ఉన్నా దాని ఆయుష్షు కరిగిపోతూనే ఉంటుంది. ఇస్త్రీ గది వేడికి ఇంకా తొందరగా ఎండుతుంది. మళ్ళీ స్టిక్కరు అంటించినా లాభం లేదు.

నువ్వు పేకెట్టు తేగానే ఆరింటికీ ఒకేసారి వొలుస్తున్నావు. ఎందుకో కూడా చెప్పనా? బాబిన్లు! పొద్దున్నే రోజుకి సరిపడా బాబిన్లన్నీ దారం చుట్టి వరసగా పేర్చుకోనిదే నువ్వు టీ కూడా ముట్టవు. నలభై ఏళ్ళ చెయ్యి ఊరుకోదు. కానీ బాబిను కాచుకుని కూచుంటుంది, బ్యాటరీ కూచోదు.

ఇకనుంచి ఒక్కటే వొలువు. రెండు మూడు నిమిషాలు గాలికి వదిలి, అప్పుడు మిషన్లో వెయ్యి. పడుకునేటప్పుడు చెవి మిషన్లో బ్యాటరీ పెట్టే బుల్లి తలుపు తెరిచి ఉంచు. పేకెట్టు వేడికి దూరంగా పెట్టు, పసిపిల్లలకి అందనియ్యకు. మింగితే ప్రాణం మీదకొస్తుంది.

వరసలు ఎక్కాయన్నావు, ఆవేళ రాస్తుండగా కరెంటు పోయింది. అంతే.

తమ్ముడు


రిపేరు గది.

తమ్ముడూ,

వొలిచాను. నిజమే. ఆరూ వొలిచి, మూతలో చుట్టూ పేర్చి, మురిసిపోయాను కూడా. ఎంత ముచ్చటగా ఉండేవో! మూడు నెలలు పాపం కొట్టువాణ్ణి తిట్టాను. అయినా క్షమాపణ చెప్పను. వాడు వయసు అన్నాడు, అది తప్పే. అది పనిమంతురాలి జబ్బు.

ఒక్కటే వొలిచాను. ఎనిమిదో రోజు నడుస్తోంది. నిన్న పక్క గదిలో ఎవరో నా గురించి గుసగుసలాడారు, మొత్తం వినబడింది. నోరు మూసుకోమని ఇక్కణ్ణుంచే చెప్పా.

ఇప్పుడు నీ జబ్బు చూద్దాం. మెకానిక్కుని, నాకు కథలు చెప్పకు. ఆవేళ కరెంటు పోయిందా? ఒరేయ్, కొట్టు నిండా టార్చిలైట్లు పెట్టుకున్నవాడికి చీకటి అడ్డమొచ్చిందా? పోనీ, ఈ రెండో ఉత్తరం సంగతేంటి? ఇందులో వరసలు మరీ తిన్నగా ఉన్నాయి. నువ్వు పుట్టి బుద్ధెరిగాక తిన్నగా రాసిన పాపాన పోలేదు. పంతులుగారు నీ కాపీ చూసి చీమల పెళ్ళి అనేవారు. ఇప్పుడు అట్టముక్కకి చీలికలు కోసి, ఆ చీలికల్లో రాస్తున్నావు. అక్షరాల అడుగులన్నీ ఒకే చోట తెగిపోయాయి.

ఎప్పటి నుంచి? ఎంత పోయింది? నాకు రెండు జవాబులు కావాలి. కలిపి చెప్పకు, విడివిడిగా.

ఇందులో అక్షరాలు ఎందుకంత పెద్దవిగా ఉన్నాయని అడగకు. నా ఇష్టం.

అక్క


మెట్ల కింద.

అక్కా,

నీ పెద్దక్షరాలు చేరాయి. అరటిపళ్ళ బండి మీద బోర్డులా ఉంది ఉత్తరం. చదివాను. ఒక్కసారికే.

మొదటి జవాబు: పధ్నాలుగు నెలలు. రెండోది: నడిమి చూపు పోయింది, అంచులు మిగిలాయి. మీటరు కేసి చూస్తే ముల్లు మాయం, పక్కనున్న గోడ కేసి చూస్తే ముల్లు కాస్త కనబడుతుంది, కానీ అంకె చిక్కదు. వచ్చినవాళ్ళ మొహం చూడాలంటే వాళ్ళ చెవి చూడాలి. కంటి డాక్టరు ఇది తిరిగి రాదన్నాడు. కొట్టు మూసేసి విశ్రాంతి తీసుకోమని కూడా అన్నాడు. విశ్రాంతి మందుల షాపులో దొరకదు కదా, ఊరుకున్నా.

ఎలా నడుపుతున్నావంటావు. చెవితో. మామూలు ఆల్కలైన్ బ్యాటరీని బెత్తెడు ఎత్తు నుంచి నిలువుగా బల్ల మీద వదులు. కొత్తదైతే లోపల సరుకు మెత్తగా ఉండి, దబ్బున పడి అక్కడే ఆగుతుంది. వాడేసినది లోపల గట్టిపడి టక్కుమని ఎగురుతుంది. నిండుకుండ తొణకదు, నిండు బ్యాటరీ ఎగరదు. సగం వాడినది కూడా ఎగురుతుంది సుమా, అందుకని అనుమానమొస్తే బల్బు తగిలించి, ఆ వెలుగు గోడ మీద ఎలా ఉందో కంటి అంచుతో చూస్తాను. అన్ని రకాలకీ పనికిరాదు ఈ చిట్కా. పనికొచ్చేవాటికి చాలు. ఈ పధ్నాలుగు నెలల్లో ఒక్క బ్యాటరీ తిరిగి రాలేదు. ఒక్క మనిషీ కనిపెట్టలేదు, నువ్వు తప్ప. "ఏంటి తాతా, గోళీలాడుతున్నావా?" అంటారు. ఔనంటాను.

నీకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, నువ్వు చెవి సంగతి మూడు నెలలు నాకెందుకు చెప్పలేదో అందుకే.

ఇంకో మాట. నాన్న రేడియో బల్ల ఇప్పుడు నా కొట్లోనే ఉంది, దాని మీదే బ్యాటరీలు పడేస్తున్నా. చిన్నప్పుడు నాన్న రేడియో బాగా తగ్గించి పెట్టుకుంటే, నువ్వు బల్ల కింద నక్కి, అంచు పళ్ళతో పట్టుకుని పాటలు వినేదానివి. నేనూ పట్టుకుంటే నాకు చెక్క రుచే తెలిసేది. నిన్న అంచు తడిమి చూశాను. నీ పళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి.

పరీక్షలో బ్యాటరీని నమ్ము. కానీ బ్యాటరీ ఒక్కదాన్నే నమ్ముకోకు.

తమ్ముడు


నా బల్ల నుంచి.

తమ్ముడూ,

పైన రాసిన చిరునామా మరోసారి చదువు. నా బల్ల.

ఇరవయ్యో తారీఖు పొద్దున ఒక్క స్టిక్కరు వొలిచి, మూడు నిమిషాలు ఆగి, చెవిలో వేసుకుని వెళ్ళాను. పరీక్ష బట్ట కత్తిరించే హాల్లో పెట్టారు. అక్కడ కుట్టుమిషన్లకి ప్లగ్గులుండవు. గోడకున్న ఒక్క ప్లగ్గు నుంచి సన్నటి వైరు లాగి, పది మిషన్లూ దానికే తగిలించారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. పది మంది అమ్మాయిలు కుట్టడం మొదలెట్టారు. స్టాప్‌వాచ్ మీట నొక్కాడు.

మూడోది, హుక్కు అరిగింది. ఒప్పు. ఎనిమిదోది, బెల్టు జారుతోంది. ఒప్పు. ఆ తర్వాత మరి తెలియలేదురా. పదీ ఒకేలా మూలుగుతున్నాయి. బ్యాటరీ చచ్చిందేమోనని వేలితో చెవి దగ్గర గీకి చూశా, బ్రహ్మాండంగా ఉంది. ఐదోది అన్నాను. "తప్పు" అన్నాడు స్టాప్‌వాచ్, మీట నొక్కుతూ. "తొమ్మిదోది. సరేనండి, ఇంక మీరు వెళ్ళొచ్చు."

వెళ్ళలేదు. చెవి మిషను తీసి బల్ల మీద పెట్టాను. నా చెక్కపిడి స్క్రూడ్రైవరు తీసి, పిడి పళ్ళ మధ్య పట్టుకుని, మొన ఐదో మిషను ఒంటికి ఆనించాను.

"ఇదేంటండీ, చెవితో అని రాశాం కదా!"

స్క్రూడ్రైవరు తీసి చెప్పా: "పళ్ళతో వద్దని రాయలేదు."

అమ్మాయిలు నవ్వారు. నేను మళ్ళీ ఆనించి, పదో మిషను అమ్మాయిని ఆపమని సైగ చేశా. అది ఆగగానే పళ్ళ కింద ఐదోది గొంతు పైకి లేచింది. తొమ్మిదోదీ ఆపించా. ఇంకాస్త లేచింది. ఒకళ్ళు పని మానితే మిగతావాళ్ళంతా ఊపిరి పీల్చుకుంటున్నారు! జబ్బు మిషన్లలో ఉంటే అలా ఎందుకు జరుగుతుంది? జబ్బు గేటుది.

"బాబూ, నువ్వు పెట్టిన లోపాలు మూడు. నాలుగోది కూడా నువ్వే పెట్టావు, నీకు తెలీదు" అన్నా. "ఒక్కో మోటారు మీద నాలుగొందల వాట్లని రాసుంది. పదింటికి నాలుగు వేలు. ఈ ఒక్క సన్న వైరులోంచి అంత జనాన్ని తోస్తే ఏమవుతుంది?"

"మీరు మెకానిక్కా, కరెంటు మనిషా?" అన్నాడు వెటకారంగా.

"వైరు పట్టుకో" అన్నా.

పైనున్న రబ్బరు మీదే పట్టుకున్నాడు. పట్టుకున్నంత వేగంగా వదిలేశాడు. అప్పటికే మెత్తబడి వాసన వస్తోంది. చుట్టూ కత్తిరించిన గుడ్డ ముక్కలు కొండలా పోసి ఉన్నాయి. ఇంకో పావుగంట ఆగితే ఏమయ్యేదో అక్కడున్న ప్రతి అమ్మాయికీ అర్థమైంది. వాచ్‌మన్ పరిగెత్తి ప్లగ్గు పీకాడు. గేటు వాచ్‌మనే! చూశావా, చివరికి అడ్డం వాడే పనికొచ్చాడు.

మిషన్లు మా హాలుకి తెచ్చి, వేటి ప్లగ్గులకి వాటిని పెట్టాక, గజం దూరం నుంచే తొమ్మిదోదాని రొద వినబడింది. నెంబరు అతనే చెప్పేశాడు, జబ్బేంటో నేను చెప్పాను. టైము అయిపోయిందన్నాడు. అవ్వనీ.

మర్నాడు కాయితం ఇచ్చాడు. మూడింట రెండు. ఆరు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా బల్ల ఉంచుకోవచ్చు. ఉంచుకోవచ్చట! ఎవరి బల్ల ఎవరు ఉంచుకోవడం? కింద నేనూ ఒక వాక్యం రాసి సంతకం పెట్టి ఇచ్చా: "పరీక్షకి ముందు వైర్లు నేను చూసి సరే అంటేనే మొదలుపెట్టాలి." నిన్నటిదాకా ఆ కాయితం వెనక్కి రాలేదు. కొత్త లావు వైర్లు మాత్రం వచ్చాయి.

ఇక నువ్వు. కొట్టు మూశావంటే ఊరుకోను. దొంగచాటుగా గోళీలాడటం మానేసి బోర్డు పెట్టు: "ఇక్కడ బ్యాటరీలు చెవితో పరీక్షించబడును." నవ్వేవాళ్ళని నవ్వనీ. నిన్ను గోడకి ఆనించి కొలిచాడు ఆ డాక్టరు. నెత్తిన బస్తా పెట్టి చూడలేదు.

ఈ పేజీ కింద వేలితో తడుము. నున్నగా తగిలేది ఆ రోజు వొలిచిన స్టిక్కరు. ఒక్కటే వొలిచాను.

నిన్న అదే కొట్టుకి వెళ్ళి ఒకేసారి ఇరవై పేకెట్లు తీసుకున్నా. అతను లెక్కపెడుతూ నోరు తెరిచాడు. "ఇన్ని ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు.

"వయసు నాయనా," అన్నా. "ఇంకా చాలా ఉంది."

అక్క